కోడలి పెట్టెలో దీపం

వీధిలో అందరూ ఆవిణ్ని డిటెక్టివ్ పిన్ని అనేవారు. ఎదురుగా అంటే ఊరుకుంటుందా, వెనకాలే లెండి. బట్టలు కుట్టి ఒక్కగానొక్క కొడుకుని పెంచిన మనిషి. కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్ల జేబులు కూడా తడుముతుందని ఓ పుకారు. అది మాత్రం శుద్ధ అబద్ధం. ఆవిడ కుట్టేవన్నీ ఆడవాళ్ల గౌన్లు, వాటికి జేబులెక్కడివి!

ఆ అనుమానం పుట్టుకతో వచ్చింది కాదు. పెళ్లైన కొత్తలో "ఎక్కడికండీ?" అని అడిగితే మొగుడు నవ్వుతూ "నీకు దారాలు తేవడానికి" అన్నాడు. పక్క ఊళ్లో ఇంకో సంసారం పెట్టుకుని అక్కడే ఉండిపోయాడు మహానుభావుడు. అప్పట్నుంచీ ఆవిడ ఎవర్నీ ఏదీ అడగడం మానేసింది. వెతకడం మొదలెట్టింది.

కొత్త కోడలు పనికెళ్లాక దాని పెట్టె వెతికితే అడుగున ఓ పాతకాలపు కిరోసిన్ దీపం దొరికింది. ఇదేం దీపం తల్లీ! వత్తి చుట్టూ రేకు గొట్టం, వెలుగు ఎటూ పోకుండా. ఒక్కవైపే చిన్న కన్నం. కన్నం అంచుకి మెత్తటి ఉన్ని పట్టీ, చేత్తో ఒద్దికగా కుట్టినది.

పిన్ని వీధితలుపు గడియపెట్టొచ్చింది. వెలుగు దాచుకునేది ఎవరు? దొంగలు! రేకు తగిలి చప్పుడవకుండా పట్టీ ఒకటి! తల్లీ తండ్రీ లేని పిల్ల, ఏ ముఠాదో ఏమో. కొడుకు చూస్తే ఉత్త అమాయకుడు, నిలువునా ముంచేస్తే?

కత్తెరతో కుట్లు విప్పి చూసింది. లోపల ఏమీ లేదు. దాంతో అనుమానం ఇంకా ముదిరింది. పట్టీని గుడ్డపీలికలతో పాటు చెత్తబండిలో పడేసి, దీపాన్ని సంచిలో పెట్టుకుని రేకు పనివాడి దగ్గరికెళ్లింది.

"ఇది దేనికి పనికొస్తుంది?"

వాడు తిప్పితిప్పి చూశాడు. "నాకూ అంతుపట్టట్లేదు పిన్నీ."

"అయితే మిగతా మూడువైపులా కోసి అద్దాలు పెట్టు. నా ఇంట్లో దీపం నలుగురికీ కనబడేలా వెలగాలి."

సాయంత్రం దీపాన్ని బల్లమీద పెట్టి కాచుకుని కూర్చుంది. నిలదీయడానికి కాదు, కోడలి మొహం ఎలా మారుతుందో చూడ్డానికి.

మారింది. కోడలు దీపం అంచు తడిమి, "పట్టీ ఏది?" అంది.

"ఏం, అందులో ఏమైనా దాచావా?"

కోడలు వంటింట్లోంచి ఓ గుడ్డు తెచ్చింది. దీపం వెలిగించి, గుడ్డుని కన్నానికి ఆనించింది. "మా అమ్మకి గుడ్ల కొట్టు ఉండేదత్తయ్యా. ఇలా పెడితే మంచి గుడ్డు లోపలంతా ఎర్రగా వెలిగేది, పాడైంది నల్లగా కనబడేది. గుడ్డు పగలకుండా ఆ పట్టీ. అమ్మ పోయేముందు మంచంలోనే కూర్చుని కొత్తది కుట్టింది."

మూడు అద్దాల్లోంచీ వెలుగు కళ్లలో కొడుతోంది. గుడ్డులో ఏమీ కనబడలేదు.

"ఒక్కమాట అడిగితే చెప్పేదాన్ని కదా" అంది కోడలు.

పిన్నికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. చెత్తబండి ఎప్పుడో వెళ్లిపోయింది. ఎన్నేళ్ల తర్వాతో, ఒక మనిషిని ఒక మాట అడిగింది.

"మీ అమ్మ ఎలా ఉండేదమ్మా?"

కోడలు దీపం ఆర్పేసింది.

"ఇప్పుడు మీకు చెప్పాలని లేదత్తయ్యా."