ఫారంలో లేని గడి

మా ఆసుపత్రిలో పెద్ద డాక్టరు సెలవు పెట్టినా పని సాగుతుంది. తీగల బాబాయ్ సెలవు పెడితే మాత్రం పసిపిల్లల వార్డులో అందరి గుండెల్లో రాయి పడుతుంది. ఆయన మెకానిక్. జేబులో ఎప్పుడూ రాగితీగ చుట్ట ఉంటుంది కాబట్టి ఆ పేరు. నేను ఆ వార్డు నర్సుని. ఆయన మీద అరిచినన్నిసార్లు మా ఇంటాయన మీద కూడా అరవలేదు.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలను వెచ్చగా ఉంచే పెట్టె మాకు ఒక్కటే ఉండేది. ఎప్పుడో ఒక సంపన్న దేశం ఇచ్చింది. మూడో ఏటికే దాని ఫ్యాను చచ్చింది. విడిభాగాలు ఎక్కడా దొరకలేదు. బాబాయ్ పాత కంప్యూటర్ ఫ్యాను బిగించాడు. తలుపు రబ్బరు పోతే సైకిల్ ట్యూబు కోసి అంటించాడు. పాడైన ప్రతి ముక్కనూ బిస్కెట్ల డబ్బాలో దాచేవాడు.

"ఆ చెత్త పారేయొచ్చుగా బాబాయ్?"

"ఉండనీ అమ్మాయ్, ఇన్నాళ్ళూ నాతో కలిసి పనిచేసినవి."

రెండేళ్ళకోసారి ఆ దేశం మనుషులు ఫారం పట్టుకుని వచ్చేవారు. 'యంత్రం పనిచేస్తోందా?' పక్కన రెండు గడులు. అవును అంటే కొత్తది అక్కర్లేదు. కాదు అంటే, ఇచ్చినదాన్నే చూసుకోలేనివాళ్ళకు ఇంకోటి ఎందుకు? ఎటు టిక్కు పెట్టినా మాకు సున్నాయే. వాళ్ళొచ్చే ముందురోజు ఆ ట్యూబుకు తెల్లరంగు పూసి, 'అవును' అనడం మా ఆనవాయితీ.

ఒకసారి వాళ్ళొచ్చే ముందురోజుకు బాబాయ్ రిటైర్మెంటుకు ఇంకా నెల ఉంది. పెట్టెలో కేజీ మీద కాస్త బరువున్న పాప ఉంది. ఆయన రంగు డబ్బా తెస్తుంటే అడ్డం నిలబడ్డాను.

"అతుకులు చూపించి పరువు తీసుకోమంటావా?" అన్నాడు.

"పరువు సంగతి తర్వాత. వచ్చే నెల నువ్వుండవు. ఇది ఆగిపోతే ఈ పిల్లను నేను నోటితో ఊది వెచ్చబెట్టనా?"

ఆయన రంగు డబ్బా మూత పెట్టి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆ దేశం నుంచి వచ్చినావిడ దుబాసీ చేత ఫారంలోని ప్రశ్న అడిగించింది. పెద్ద డాక్టరు అలవాటు కొద్దీ "అవును" అన్నాడు. అప్పుడు బాబాయ్ ముందుకొచ్చి, బిస్కెట్ల డబ్బా బల్ల మీద గుమ్మరించాడు.

"ఇది పనిచేయట్లేదమ్మా, నేను పనిచేయిస్తున్నాను. వచ్చే నెల నేనుండను."

పెద్ద డాక్టరు మొహం మాడిపోయింది. మా పని అయిపోయిందనుకున్నాను. ఆవిడ ట్యూబును వేలితో తడిమి చూసింది. ఏ గడిలోనూ టిక్కు పెట్టలేదు. ఫారం వెనక్కి తిప్పి చాలాసేపు రాసింది.

వెళ్ళేముందు దుబాసీ ద్వారా నాతో చెప్పింది. "మా దగ్గరికి వందల ఆసుపత్రుల కాగితాలు వస్తాయి. అందరికీ ఇవ్వలేం. ఐదుగురం బల్ల చుట్టూ కూర్చుని టిక్కులు చూసి తేలుస్తాం. టిక్కుల్లో ఈయన కనబడడు."

బాబాయ్ రిటైరైన మర్నాడే క్యారేజీతో మళ్ళీ దిగాడు. "ఇంట్లో ఫ్యాను శుభ్రంగా తిరుగుతోంది. నాకేం పని?" అన్నాడు. పైసా తీసుకోకుండా ఏడు నెలలు ఆ పెట్టెను నడిపించాడు. ఆ పాప బరువు పెరిగి వాళ్ళమ్మ ఒడిలో ఇంటికి వెళ్ళింది.

ఏడో నెలలో కొత్త పెట్టె వచ్చింది. దాంతోపాటు డబ్బా నిండా విడిభాగాలు, ఇద్దరికి పని నేర్పించమని ఉత్తరం. మా ఎలక్ట్రీషియన్ పిల్లకూ, వార్డు ఆయాకూ బాబాయే నేర్పాడు. తిట్టకుండా నేర్పాడని చెప్పను. ఫారం వెనక రాసిన ఆవిడను తలుచుకుంటే ఇప్పటికీ దండం పెట్టాలనిపిస్తుంది. బాబాయ్‌కి ఎన్ని దండాలు పెట్టినా చాలవు.

మొన్న కొత్త ఫారం వచ్చింది. రెండు గడుల కింద ఎన్నడూ లేని ఇంకో గడి ఉంది. 'దీన్ని బాగుచేసేది ఎవరు?'

బాబాయ్ పేరు గుండ్రంగా రాసి, వాళ్ళింటికి తీసుకెళ్ళి చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదువుకున్నాడు. తర్వాత నా పెన్ను లాక్కుని ఆ పేరు కొట్టేసి, కింద ఆ ఇద్దరి పేర్లు రాశాడు.

"నేను లేకపోయినా నడుస్తోందని వాళ్ళకు తెలియాలి కదమ్మా."

కొట్టివేతలున్న ఫారం ఎలా పంపేదని తిట్టాను. తిడుతూనే ఏడ్చాను. ఇంకో ఫారం అడగొచ్చు కానీ అడగలేదు, అదే పంపాను. ఒక్క గీతే కొట్టాడు. ఆ గీత కింద బాబాయ్ పేరు స్పష్టంగా కనబడుతూనే ఉంది.