పద్నాలుగు మంది, కళ్ళు మూసుకుని

ఆస్పత్రి లాండ్రీలో ఆవిడకి సైరన్ అని పేరు పెట్టింది తోటివాళ్ళే. ఇరవై రెండేళ్ళుగా ఆ మిషన్ల మోత మధ్య దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే మనిషి, మెల్లగా ఎలా మాట్లాడుతుంది చెప్పండి? ఉప్పు డబ్బా ఇలా ఇవ్వమని మొగుణ్ణి అడిగితే పక్కింటావిడ పట్టుకొచ్చి ఇచ్చిన రోజులున్నాయి.

మొగుడేమో నోట్లో నాలుక లేని మనిషి. కళ్ళజోళ్ళ దుకాణం వెనకగదిలో కూర్చుని అద్దాలు అరగదీస్తాడు. షుగరొచ్చి పదేళ్ళయింది. పొద్దున్నే సూదిమందు వేసేదీ, గడియారం చూసి రొట్టె ముందు పెట్టేదీ ఆవిడే. పదేళ్ళలో ఒక్క పూట తప్పలేదు.

వాళ్ళింటికి రెండు వీధుల అవతల రంగుల దుకాణం మీద ఓ మేడగది ఉంది. ధ్యానం చేసే బౌద్ధులు దాన్ని అద్దెకు తీసుకున్నారు. "అందరూ రావచ్చు. ఏ మతమైనా, ఏ పనైనా" అని తలుపు మీద అట్ట కట్టారు. లోపల చిన్న బుద్ధుడి బొమ్మ, వరసగా మెత్తలు, గిన్నెలాంటి కంచు గంట, మూల టీ పెట్టుకునే స్టవ్వు. ఆదివారం పొద్దున గంట కొడితే ముప్పావుగంట కూర్చోవాలి. రెండో గంట కొట్టేదాకా మాట్లాడకూడదు, కదలకూడదు, పక్కవాళ్ళ వంక చూడకూడదు. గంట కొట్టేది రిటైరైన లెక్చరర్ గారు.

ఆవిడ మొగుడు ఒక ఆదివారం ఎందుకెళ్ళాడో గానీ, ఆ తర్వాత ఏ ఆదివారమూ మానలేదు. తిరిగొచ్చాక ముఖం కడిగిన పలకలా ఉండేది. రెండు మూడు మాటలు తనంతట తనే చెప్పేవాడు కూడా. ఆవిడకి అంతకన్నా ఏం కావాలి? వెళ్ళనిమ్మంది.

అలాంటి ఒక ఆదివారం సూదిమందు వేసి, రొట్టె ముందు పెట్టి, ఆవిడ బట్టలారేయడానికి పోయింది. ఆయన వెళ్ళిపోయాడు. ఆవిడ తిరిగొచ్చి పిండి డబ్బా జరిపితే దాని వెనక కాగితంలో చుట్టిన రొట్టె కనబడింది. కాటైనా పడలేదు. గడియారం చూసింది. సూదిమందు వేసి గంట దాటింది. మందు పడి తిండి పడకపోతే ఒంట్లో చక్కెర దిగిపోయి మనిషి ఒరిగిపోతాడు.

చెప్పులు కూడా వేసుకోలేదు. రెండు వీధులూ పరుగే.

మెట్లెక్కి తలుపు నెడితే పదిహేను మంది కూర్చున్నారు. పద్నాలుగు మంది నిటారుగా ఉన్నారు. పదిహేనోవాడికి గడ్డం గుండె మీద వాలిపోయింది, చొక్కా చెమటకి ఒంటికి అతుక్కుపోయింది, పెదవి చివర చొంగ.

"ఏమండీ," అంది.

ఒక్క కన్ను తెరుచుకోలేదు. లెక్చరర్ గారు కళ్ళు మూసుకునే, వేలెత్తి పెదవుల మీద పెట్టుకున్నారు.

అంతే, ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. "చక్కెర ఎక్కడ?" అని అరిచిన అరుపుకి కింద రంగుల దుకాణంవాడు నిచ్చెన దిగిపోయాడు. స్టవ్వు దగ్గర డబ్బా తనే వెతుక్కుని, గుప్పెడు చక్కెర తడిపి, ఆయన్ని పక్కకి ఒరిగించి బుగ్గ లోపల రుద్దుతూ కూర్చుంది. చాలాసేపటికి ఆయన గుడ్లు తిప్పి, "మెత్త తడిసిపోయింది," అన్నాడు.

"చాలా లోతుగా వెళ్ళారనుకున్నామమ్మా," అన్నారు లెక్చరర్ గారు. "ఇన్నేళ్ళలో అంత కదలకుండా కూర్చున్నవాళ్ళని చూళ్ళేదు. ముచ్చటేసింది."

"ఇంకాసేపు ముచ్చటపడుంటే ఆరడుగుల గోతిలోకే వెళ్ళేవాడు," అంది ఆవిడ.

రొట్టె ఎందుకు దాచాడో ఇంటికొచ్చాక బయటపడింది. ఖాళీ కడుపుతో కూర్చుంటే మనసు తేలిగ్గా ఉంటుందని కిందటి వారం లెక్చరర్ గారు సెలవిచ్చారట. అది అందరికీ చెప్పిన మాట. షుగరున్న మనిషి ఎవరైనా ఉన్నారా అని అడిగే తీరిక ఆయనకి లేకపోయింది.

"ఇక ఆ మేడ మెట్లెక్కితే కాళ్ళు విరగ్గొడతాను," అంది మొగుడితో.

"వెళ్తాను," అన్నాడు.

ముప్పై ఏళ్ళ కాపురంలో అది మొదటి ఎదురుమాట. ఆ తర్వాత మూడు రోజులు నోరు విప్పలేదు. ఆయన ఊరికే మాట్లాడకపోవడానికీ అలిగి మాట్లాడకపోవడానికీ తేడా ఆవిడకి తెలుసు. నాలుగో రోజు అన్నం తింటూ, "అక్కడ నన్ను ఏం చదివావనలేదు, ఏం పని చేస్తావనలేదు. వచ్చి కూర్చోమన్నారు," అన్నాడు. "నాకు ఇంకో చోటు లేదు."

ఆ మాటకి ఆవిడ ముద్ద నోటిదాకా వెళ్ళలేదు. పంపితే మనిషి దక్కుతాడో లేదో. ఆపితే మనిషి ఉండీ లేనట్టే.

తర్వాతి ఆదివారం తన కళ్ళ ముందు రొట్టె మొత్తం తినిపించి, తనూ వెంట వెళ్ళింది. వెనక మెత్త మీద కూర్చుని ముప్పావుగంటా కళ్ళార్పకుండా ఆయన వీపునే చూసింది. రెండో గంట కొట్టాక ఎవరి మనసులో మాట వాళ్ళు చెప్పుకోవడం అక్కడి అలవాటు. ఆవిడ వంతు వచ్చింది.

"మా లాండ్రీలో ఎవరి కొంగు ఇస్త్రీ రోలర్లో పడ్డా పక్కనున్నది మిషన్ ఆపే ఎర్ర మీట లాగేస్తుంది. ఎవర్నీ అడగదు. పని చెడుతుందనుకోదు. ఇక్కడ మీరు పద్నాలుగు మంది ఉన్నారు. ఒక్కళ్ళకీ ఏమీ వినబడలేదా?"

"మీ కోపం ఒంట్లో ఎక్కడుందో గమనించండమ్మా," అన్నారు లెక్చరర్ గారు, మెత్తగా.

"కుడిచేతిలో ఉంది. కాస్త దగ్గరికి రండి, మీరూ గమనిద్దురు గానీ."

ఎవరో నవ్వబోయి మింగేశారు. అప్పుడు ఆవిడ మొగుడి పక్క మెత్త మీద కూర్చునే నర్సరీ స్కూలు టీచరమ్మ మెల్లగా అంది: "నాకు వినబడింది. ఊపిరి గరగరలాడింది. చెమట చుక్క నా చేతి మీద పడింది. కళ్ళు తెరిస్తే నా ధ్యానం పోతుందని తెరవలేదు."

"తెలిసే?"

"తెలిసే."

ఆవిడ వచ్చింది ఆ మాట కోసమే. తీరా వినేసరికి ఒళ్ళు ఇంకా మండింది. టీచరమ్మ క్షమించమని అడగలేదు, తల కూడా దించుకోలేదు. అది మరీ మండించింది.

"దాచింది నేను కదే," అన్నాడు మొగుడు.

"మీ సంగతి ఇంటికెళ్ళాక," అని లెక్చరర్ గారి వైపు తిరిగింది. "ఒకళ్ళు కళ్ళు తెరుచుకునే ఉండాలి. పది నిమిషాలకోసారి లేచి అందర్నీ భుజం మీద ముట్టుకుని చూడాలి. ఖాళీ కడుపు మాట మళ్ళీ మీ నోట రాకూడదు."

"ముట్టుకుంటే ధ్యానానికి భంగం..."

"కానీండి."

లెక్చరర్ గారి మెడ ఎర్రబడింది. కంచు గంటని పక్కకి జరిపి, "ఆ మాట నేనన్నదే. తప్పయింది," అన్నారు.

"నేను తిరుగుతాను," అంది టీచరమ్మ. "నా ధ్యానం పోతే పోనీండి."

మరుసటి ఆదివారం ఆవిడ డ్యూటీకి పోతూ తలుపు దగ్గర నిలబడి చూసింది. టీచరమ్మ వట్టి కాళ్ళతో మెత్తల మధ్య నడుస్తోంది. మొగుడి దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"ఉన్నాను," అన్నాడు ఆయన, కళ్ళు తెరవకుండానే.

ఇది జరిగి ఏడాదయింది. టీచరమ్మతో ఆవిడ ఇప్పటికీ ఒక్క మాట మాట్లాడలేదు. ఎదురుపడితే ముఖం తిప్పుకుంటుంది. కోపం తగ్గలేదా అని అడిగినవాళ్ళని, మీ ఇంట్లో జరిగితే తగ్గుతుందా అని అడుగుతుంది. కానీ ప్రతి ఆదివారం మేడ కింద నిలబడి ముందు మెట్ల దగ్గర టీచరమ్మ విడిచిన చెప్పుల కోసం చూస్తుంది. అవి లేని రోజు మొగుణ్ణి మెట్లెక్కనివ్వదు.