కారుకి కప్పిన రజాయి

నాలుగేళ్ళ క్రితం, మావారు ఢిల్లీ కంటోన్మెంట్‌లో కెప్టెన్‌గా ఉన్నప్పటి మాట. పక్క క్వార్టర్‌లో ఉండే మేజర్‌గారు విదేశాల నుంచి టర్బో కారు తెచ్చుకున్నారు. జనవరి చలికి అది పొద్దున్నే స్టార్టయ్యేది కాదు. మావారు జీపు బానెట్‌పై కంబళి కప్పడం రోజూ చూసేదాన్ని. ఒక సాయంత్రం మేజర్‌గారు కారు ఆపి లోపలికి వెళ్ళగానే, సాయం చేద్దామని మా పాత రజాయి దాని బానెట్‌పై పరిచాను.

రజాయి హాయిగా వెచ్చబడింది. పది నెలల బాబుని దానిమీద కూర్చోబెట్టి, ఒక చేత్తో పట్టుకుని, ఎదురింటావిడతో మాటల్లో పడ్డాను. కాసేపటికి కమురు వాసన వచ్చింది. ఎవరింట్లోనో పాలు మాడుతున్నాయనుకున్నాను. ఇంతలో బాబు కెవ్వుమన్నాడు. వాడి కింద ఏదో మెత్తగా కుంగింది. గభాలున ఎత్తుకుని రజాయి లాగితే రాలేదు. బానెట్ మీద వేడిగాలి పోయే ప్లాస్టిక్ జాలీ కరిగి దానికి అంటుకుపోయింది. బాబు తొడ ఎర్రగా కందిపోయింది.

మేజర్‌గారు, ఆయన భార్య పరుగున వచ్చారు.

"టర్బో బండమ్మా ఇది. ఆపాక కూడా చాలాసేపు భట్టీలా కాలుతుంది. వేడి బయటికి పోయే దారే మూసేశావు," అన్నారాయన.

"మీ కారు పాడుచేశానండీ..."

"కారు గొడవ తర్వాత. ముందు వీణ్ణి కుళాయి దగ్గరికి తీసుకెళ్దాం పద," అంటూ మేజర్‌గారి భార్య నా చేతుల్లోంచి బాబుని లాక్కున్నారు.

అదృష్టం, బొబ్బ కూడా లేవలేదు. వాడికి ఇప్పుడేమీ గుర్తులేదు. ఇది రాస్తూ రెండుసార్లు లేచివెళ్ళి, వాడు కప్పుకున్న రజాయి కింద చెయ్యిపెట్టి చూసొచ్చాను.