కత్తెరమ్మ అట్టలు

మా అత్తగారిని వెనకాల అందరూ కత్తెరమ్మ అంటారు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు. మెడలో ఎప్పుడూ కొలతల టేపు, నడుముకి బీరువా తాళం, ముక్కు మీద కోపం. ఎవరినైనా మెచ్చుకోవాల్సి వస్తే ఆవిడకి దగ్గు ముంచుకొస్తుంది. నేను ఆవిడకి అల్లుణ్ణి, ఆవిడ దుకాణంలో ఇస్త్రీవాణ్ణి. ఈ రెండింటిలో ఏది తక్కువ హోదా అంటే ఇప్పటికీ చెప్పలేను. ఆవిడంటే నాకు పడదు. ఆ సంగతి ముందే చెప్పేస్తే, ఇకపై నేను రాసేదాంట్లో ఎంత కారం తగ్గించుకోవాలో చదివేవాళ్ళే చూసుకుంటారు.

ఆవిడ కుట్టించేది బడి పిల్లల యూనిఫారాలు. కింద పొడుగాటి గదిలో రెండు బల్లలు, వాటి చుట్టూ మిషన్లు. కిటికీకి దూరంగా, గాలి రాని మూలలో నా ఇస్త్రీ పెట్టె. పైన ఒక గదిలో నేనూ, మా ఆవిడా, మా పాపా. పక్క గదిలో అత్తగారు. ఆవిడ మెలకువగా ఉందో నిద్రపోయిందో గోడ గుండా తెలిసిపోతుంది. నిద్రలో కూడా ఎవరినో తిడుతూనే ఉంటుంది.

దుకాణానికంతా మూలం బీరువాలో ఉండే నమూనా అట్టలు. కాలరుకో అట్ట, జేబుకో అట్ట, చొక్కా చేతికో అట్ట. ప్రతిదీ రెండేసి ఉంటాయి. ఒకటి పోయిన మామగారు కత్తిరించింది, రెండోది ఆవిడ కత్తిరించింది. ఏ అట్టా ఆ బీరువా గది గడప దాటదు. పొద్దున్నే ఆవిడ తలుపేసుకుని, మామగారి అట్టని కాగితం మీద పెట్టి గీస్తుంది. ఆ కాగితం మొదటి బల్లకి వెళ్తుంది. తన అట్ట గీసిన కాగితం రెండో బల్లకి. టైలర్లు కాగితంలో ఎలా ఉంటే అలా గుడ్డ కత్తిరించి కుడతారు. పనయ్యాక కాగితం చెత్తబుట్టలోకి. కాగితం చిరిగితే ఇంకోటి గీసుకోవచ్చు, అట్ట చెడితే దుకాణం చెడినట్టే అంటుందావిడ. అక్కడి వరకూ నాకూ పేచీ లేదు. చొక్కా తేడాగా వస్తే తప్పు కుట్టినవాడిదే అంటుంది చూడండి, అక్కడే ఒళ్ళు మండుతుంది.

మా పాప పుట్టిన ఏడాదికే పాలిపోయింది. అన్నం తినదు, నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఆస్పత్రివాళ్ళు తలసీమియా అన్నారు. ఒంట్లో రక్తం సరిగ్గా తయారు కాదట. కొన్ని వారాలకొకసారి బయటి రక్తం ఎక్కిస్తూనే ఉండాలట. మా ఇద్దరినీ పరీక్ష చేసి, లోపం ఇద్దరిలోనూ చెరి సగం ఉందని చెప్పారు. మేం ఆ మాట ఇంట్లో చెప్పగానే మా అత్తగారు ఒంటికాలి మీద లేచింది. తన వైపు అందరూ రాళ్ళు తిని హరాయించుకున్న మనుషులట. తన కూతురి సీసా ల్యాబులో ఎవరిదానితోనో మారిపోయిందట. ఇది ముమ్మాటికీ అల్లుడి రక్తమట. పాప ఎప్పుడైనా, నాకెందుకమ్మమ్మా సూదులు, అని అడిగితే ఆవిడది ఒకటే జవాబు, మీ నాన్ననడుగు.

ఒకరోజు అందరం అన్నం తింటుండగా తేల్చి చెప్పేసింది.

"నెలాఖరుకి నువ్వు గది ఖాళీ చెయ్యి. పిల్లా, పిల్ల తల్లీ ఇక్కడే ఉంటారు. నువ్వుంటే ఇంకో బిడ్డ పుడుతుంది, దానికీ ఇదే గతి పడుతుంది."

నేను మా ఆవిడ వైపు చూశాను. మా ఆవిడ నోట్లో నాలుక లేని మనిషి. గుండీలు కుట్టడం ఆమె పని, తల్లి మాటకి తలూపడం ఆమె అలవాటు. ఆమె కంచంలోకి చూస్తూ కూర్చుంది. నాకు ఇస్త్రీ పెట్టె పోతుందని బెంగ లేదు, అది ఏ వీధిలోనైనా దొరుకుతుంది. నా చెయ్యి తలకింద లేనిదే పాపకి నిద్ర పట్టదు. ఆ చెయ్యి తీసుకుని ఎక్కడికి పోను? ఆ పూట ఆవిణ్ణి నేను మనసులో తిట్టిన తిట్లు రాస్తే ఈ కాగితం కాలిపోతుంది.

ఆ రోజుల్లోనే చొక్కా చేతుల గొడవ వచ్చింది. ఒక బడివాళ్ళు చొక్కాలన్నీ మూటకట్టి వెనక్కి పంపారు. ఏ చొక్కా చూసినా చేతులు పొట్టి. మా అత్తగారు నేరుగా మొదటి బల్ల పెద్ద టైలరు మీదికి వెళ్ళింది. మామగారి కాలం నుంచీ అక్కడే కూర్చుని కుడుతున్న మనిషి. చూపు మందగించిందనీ, చేతులు వణుకుతున్నాయనీ అందరి ముందూ కడిగేసింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, తన కత్తెర సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు.

ఇస్త్రీ చేసేవాణ్ణి కాబట్టి రెండు బల్లల చొక్కాలూ నా చేతి మీదుగానే పోతాయి. రెండో బల్లవీ సరిగ్గా అంతే పొట్టి. ఇద్దరు మనుషులు ఒకేలా పొరపాటు పడతారా అత్తయ్యా, అని అడిగాను. ఇస్త్రీ చేసేవాడికి అట్టల సంగతెందుకంది. నా మూలకి తిరిగొచ్చేశాను. ఆవిడతో వాదించడం కంటే పెట్టెలో బొగ్గులు రాజేసుకోవడం నయం.

తర్వాత రక్తం ఎక్కించే రోజున ఆవిడ కూడా మాతో బయల్దేరింది, పాప మీద ప్రేమతో కాదు. తప్పు అల్లుడిదేనని డాక్టరు చేత కూతురి ముందు అనిపించాలని. డాక్టరమ్మ కూడా తక్కువ తినలేదు. అప్పటికే నలుగురితో గొంతు చించుకుని ఉంది. మా అత్తగారు మొదలుపెట్టగానే కలం బల్ల మీద పడేసి, ఒక్కసారే చెప్తాను, మళ్ళీ అడగొద్దు అంది.

ఒంట్లో ప్రతి పనికీ ప్రోటీన్లు కావాలట. వాటిని ఎలా తయారు చెయ్యాలో జన్యువుల్లో రాసి ఉంటుందట. కణం లోపల ఒక గది, జన్యువులు ఆ గదిలోనే ఉంటాయి, బయటికి రావు. కావలసిన జన్యువుకి ఒక నకలు తయారై బయటికి వెళ్తుంది. అక్కడ ఆ నకలుని మూడేసి అక్షరాల చొప్పున చదువుతూ, ఒక్కో మూడింటికి ఒక్కో ముక్క తగిలిస్తూ ప్రోటీన్ అల్లేసే పనివాళ్ళలాంటివి ఉంటాయట. పనయ్యాక నకలు చెదిరిపోతుంది. రక్తానికి ఎరుపునిచ్చే హిమోగ్లోబిన్ కూడా అలా తయారయ్యేదే. ఎముకల మూలుగలో ఎర్ర కణాలు పెరిగేటప్పుడు దాన్ని అల్లుకుంటాయి. మా పాపకి దాని జన్యువులో, ఇక ఆపెయ్యి అనే గుర్తు మధ్యలోనే పడిందట. అల్లిక అక్కడే ఆగిపోతుంది.

మా అత్తగారు అందుకుంది. "అయితే అల్లేవాడిదే తప్పు. మధ్యలో ఆగిపోయిందని వాడికి తెలియొద్దా?"

"అల్లేవాడికేం తెలుసమ్మా? నకల్లో ఏముంటే అదే అల్లుతాడు. నకలూ మంచిదే, ఉన్నది ఉన్నట్టే దిగింది. మూలంలోనే తేడా ఉంటే ఎన్ని నకళ్ళు తీసినా అదే తేడా వస్తుంది."

మూలం ప్రతివాళ్ళకీ రెండేసి ఉంటాయనీ, ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చిందనీ కూడా చెప్పింది. ఒకటి చెడినా రెండోది బాగుంటే బండి నడిచిపోతుంది, ఆ మనిషికి తన లోపం తెలియనే తెలియదు. పాపకి రెండూ చెడ్డవే వచ్చాయి. మళ్ళీ బిడ్డ కావాలనుకుంటే కడుపులో ఉండగానే పరీక్ష చేసి చూడొచ్చంది. చివర్లో మా అత్తగారి మొహంలోకి సూటిగా చూసి, మీ అమ్మాయికి అది మీరో మీ ఆయనో ఇచ్చిందే, అనుమానముంటే మీరూ రక్తం ఇచ్చి వెళ్ళండి అంది.

మా అత్తగారు రక్తం ఇవ్వలేదు. ఇంటికి రాగానే తిన్నగా బీరువా గదిలోకి వెళ్ళింది. మొదటిసారి తలుపు వేసుకోవడం మరిచిపోయింది. చేతి అట్టలు రెండూ తీసి ఒకదాని మీద ఒకటి పెట్టింది. అంచుకి అంచు సరిపోయింది. టేపు తీసి కొలిచింది. అంచు మడిచి కుట్టడానికి వదలాల్సిన జాగా రెండింట్లోనూ లేదు.

మామగారి చేతి అట్ట కిందటి వానల్లో నాని పాడైందట. దాని బదులు కొత్తది చెయ్యాల్సి వచ్చి, పక్కనున్న తన అట్టనే పెట్టి గీసేసింది. తన అట్టలో ఆ జాగా మొదటి నుంచీ లేదు. ఇన్నేళ్ళూ మొదటి బల్ల చొక్కాల మధ్య రెండో బల్ల పొట్టి చేతులు కలిసిపోయాయి, ఎవరి కంటా, ఇస్త్రీ చేసే నా కంట కూడా పడలేదు. రెండు అట్టలూ ఒకటయ్యాక దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఇదంతా ఆవిడ నాకు చెప్పలేదు. అట్టకి చెప్పుకుంటుంటే గడపలో నిలబడి విన్నాను. నా కడుపు చల్లబడింది. ఆ మాట దాచను.

మర్నాడు ఒక్కతే ఆస్పత్రికి వెళ్ళి రక్తం ఇచ్చి వచ్చింది. వస్తూ వస్తూ పెద్ద టైలరు ఇంటికి కూడా వెళ్ళిందట. ఆయన తలుపు తీశాడట, విన్నాడట, రానన్నాడట. ఆయన కుర్చీ ఇప్పటికీ ఖాళీగానే ఉంది, అందులో ఆవిడ ఎవరినీ కూర్చోనివ్వదు.

తర్వాతి రక్తం రోజుకి అందరం మళ్ళీ వెళ్ళాం. డాక్టరమ్మ మా అత్తగారితో, లోపం మీలోనూ ఉంది, మీ అమ్మాయికి మీ నుంచే వచ్చింది అని పొడిగా చెప్పేసి ఇంకో మంచం దగ్గరికి వెళ్ళిపోయింది. మా ఆవిడ ఆ రోజు మొదటిసారి తల్లి మొహంలోకి చూసింది. "అమ్మా, మరి నిన్నెవరు ఖాళీ చెయ్యమంటారు?" అంది. గొంతు పెంచలేదు. నేను ఇన్నేళ్ళు నూరిన మాటల్లో ఒక్కటీ అంత లోతుగా దిగేది కాదు.

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. అప్పుడు పాప వైపు చూశాను. చేతికి సూది, దాని మీద పట్టీ, పైనుంచి ఎవరిదో రక్తం బొట్టు బొట్టుగా దిగుతోంది. ఆ ఒంట్లో రెండో చెడ్డ అట్ట నాది. ఆవిడ అట్ట దొరికిందన్న సంబరంలో నాదాన్ని మరిచేపోయాను.

పాప సూది వైపు చూస్తూ ఎప్పుడూ అడిగేదే మళ్ళీ అడిగింది. "నాకెందుకమ్మమ్మా సూదులు?"

మీ నాన్ననడుగు అంటుందని కాచుకున్నాను. మా అత్తగారు మెడలో టేపు సర్దుకుంది.

"నీ రక్తానికి రెండు అట్టలుంటాయే. రెండూ తప్పు పడ్డాయి."

"ఎవరు కత్తిరించారు?"

"ఒకటి నా నుంచి వచ్చింది. ఒకటి మీ నాన్న నుంచి."

పాప నన్నూ, ఆవిణ్ణీ మార్చి మార్చి చూసింది. మేమిద్దరం పక్కపక్కన కూర్చుని కాఫీ తాగడం కూడా ఆ పిల్ల ఎప్పుడూ చూడలేదు. "మీరిద్దరూ కలిసి చేశారా?" అంది, నమ్మలేక.

మా అత్తగారు నా వైపు చూసింది. ఆ చూపులో మెత్తదనం మచ్చుకైనా లేదు.

"కలిసే చేశాం. అందుకే ఇద్దరం నీ దగ్గరే ఉంటాం, ఎక్కడికీ పోం," అంది పాపతో. తర్వాత నా వైపు తిరిగి, గాలికి అడ్డంగా కూర్చున్నానని, కుర్చీ అవతలికి జరుపుకోమంది.