కోడంబాక్కం రైల్లో నంబర్ వన్ పాట

చెన్నై పేరు వింటే నాకు సముద్రం గుర్తుకు రాదు. లోకల్ రైల్లో నేను ఫోనులో పెట్టిన పాట గుర్తొస్తుంది, నోరు చేదవుతుంది.

రాక్ సంగీతం మొదలైన రోజుల్లో అమెరికా చార్టుల్లో నంబర్ వన్ అయిన పాటలన్నీ వరసగా వినడం నా పిచ్చి. ఆ రోజు ఇయర్‌ఫోన్లు మరిచిపోయి, ఫోను చెవికి ఆనించుకుని వింటున్నాను. ఒకప్పటి సినిమా స్టూడియోల పేట కోడంబాక్కంలో ఎక్కిన ఒక పెద్దావిడ నా ఒళ్లో తెలుగు పత్రిక చూసి పక్కనే కూర్చుంది. రెండు నిమిషాలకే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“ఇది మా ఆయన కట్టిన పాటే దా! సినిమాలకు గిటారు వాయిస్తా ఉండె. మ్యూజిక్ డైరెక్టరు దీన్ని దొంగిలించి సినిమాలో పెట్టుకున్నాడని కొట్లాడినాడు. మళ్లా ఎవురూ పనికి పిలవలే. నేను ఇడ్లీలమ్మి పిల్లోళ్లను సాకినా. నీకు యాడ దొరికింది నాయనా?”

విదేశీ వరసలు మన సినిమాల్లోకి దిగడం నాకు అంతవరకూ ఒక తమాషా.

“ఇది అమెరికా పాటమ్మా. అప్పట్లో అక్కడ నంబర్ వన్” అన్నాను. తెలిసినవాణ్ణి గదా, ఏ సంవత్సరమో కూడా చెప్పేశాను.

ఆవిడ మనసులో లెక్క వేసుకుంది.

“అప్పటికి మా ఆయన పాలు తాగే బిడ్డ” అంది మెల్లగా.

తన స్టేషను రాగానే లేచింది. దిగబోతూ నావైపు తిరిగింది.

“మా ఆయనా పోయినాడు, ఆ డైరెక్టరూ పోయినాడు. ఇన్నేండ్లుగా దినామూ పొయ్యి ముట్టిచ్చేటప్పుడు ఆ డైరెక్టర్ని తిట్టుకుంటా ఉండా. రేపు ఎవుర్ని తిట్టేది నాయనా?”