బియ్యప్పిండిలో ఎక్స్ స్క్వేర్

మా ఎదురింటి లెక్కల టీచరమ్మ ఇక లేరు. ఆ మాట నాకు చెప్పింది ఆమె దగ్గర చదువుకునే ఒక అమ్మాయి తండ్రి. గనిలో పనిచేస్తాడు. పొద్దున డ్యూటీ దిగి వస్తూ మా గేటు దగ్గర ఆగాడు. కొత్తగూడెం దవాఖానా నుంచి టీచరమ్మ చెల్లెలు నాకు చేసిన ఫోన్ వంటగదిలో వినపడలేదు, అందుకని అతనికి చేసిందట.

"అక్కా, టీచరమ్మ పోయింది. నిద్రలనే పోయిందంట" అన్నాడు.

లోపలికి వెళ్లి పప్పు కింద స్టవ్ కట్టేశాను. చేతులు కడుక్కున్నాను. తుడుచుకున్నాను. అప్పుడు బయటికి వచ్చాను. ఏ పనైనా ఒక వరసలో చేయడం నాకు అలవాటు. ఆ పొద్దున నన్ను నిలబెట్టింది ఆ వరసే.

మాది మణుగూరులో కాలనీ చివరి వరస. పెరటి గోడ దాటితే అడవి. టీచరమ్మ తన సర్వీసంతా ఆ అడవి లోపలి ఊళ్ల బళ్లలోనే చేసి, రిటైరయ్యాక ఎదురింట్లో కిరాయికి దిగారు. పెళ్లి చేసుకోలేదు. ఆదివారం చర్చికి, మిగతా సాయంత్రాలు పిల్లలకు. ఇంటర్ చదివే పిల్లలు కొందరు వచ్చి వరండాలో చాప మీద కూర్చునేవారు. ఆమెకు షుగర్. తాను చప్పటి టీ తాగుతూ పిల్లల కోసం చక్కెర డబ్బా నిండుగా ఉంచేవారు.

ఆమెకొక పాత ల్యాప్‌టాప్ ఉండేది. తెరిచే ముందు కొంగుతో తుడిచేవారు. ఇంటర్నెట్‌లో గ్రాఫులు గీసే సైట్ ఒకటి పెట్టేవారు. ఎక్స్ స్క్వేర్ అని కొడితే చాలు, గీత వచ్చేస్తుంది. పక్కనే ఒక చిన్న బొత్తం. దాన్ని అటూ ఇటూ జరిపితే గీత సన్నబడుతుంది, వెడల్పవుతుంది, చదునై, ఆపైన తలకిందులవుతుంది. "నా సర్వీసంత బోర్డు మీద పీరియడ్‌కు ఒక్క గ్రాఫు గీసిన. తుడువనీకే సగం టైము పోయేది" అని నవ్వేవారు. అయినా ఎంటర్ కొట్టనిచ్చేవారు కాదు. ముందు పిల్లలు గాలిలో వేలితో గీసి చూపించాలి.

"గీసేది ఆ పెట్టె. ఎందుకట్ల పోయిందో చెప్పేది నువ్వు" అనేవారు.

నేను కూర గిన్నె ఇవ్వడానికి వెళ్లి, గడప మీద కూర్చుని వినేదాన్ని. ఒకసారి ఎక్స్ స్క్వేర్, టూ పవర్ ఎక్స్ రెండూ కలిపి పెట్టారు. ఎక్కడెక్కడ కలుస్తున్నాయో చెప్పమన్నారు. గని కార్మికుడి కూతురు గబగబా చెప్పింది.

"రెండు తావుల టీచర్."

"మూడోది?"

"లేదు టీచర్. చూసిన."

"ఎంతవరకు చూసినవ్?"

"మొత్తం."

"మొత్తం అంటే తెర మొత్తమా, గీత మొత్తమా?"

ఆ పిల్ల తెరను కిందికి లాగింది. చాలా పైన, నాలుగు దగ్గర, ఆ రెండు గీతలు మళ్లీ కలిశాయి. "తెర అయిపోయింది బిడ్డా, గీత అయిపోలే" అన్నారు టీచరమ్మ. పిల్లలు చాలా రోజులు దాన్ని ఎగతాళిగా వాడుకున్నారు. ఎవరి ప్లేటులో బిస్కట్లు అయిపోయినా ఆ మాటే.

ఆ తరువాత ఆమె చూపు తగ్గడం మొదలైంది. షుగర్ కళ్లకు ఎక్కిందన్నారు. మొదట "గీత లావు చెయ్యి" అనేవారు. ఆ సైటులో గీతను లావు చేసుకోవచ్చు. తరువాత "ఎర్రరంగు పెట్టు", ఆ తరువాత "నల్లగ పెట్టు". ఒక సాయంత్రం పిల్లలు వెళ్లిపోయాక నన్ను పిలిచారు.

"చెల్లె, ఇగ ఎంత లావు చేసినా అంతే. రేపటినుంచి నువ్వు నా పక్కన కూసోని, గీత ఎటు పోతుందో చెప్పాలె."

"నాకు ఇంటర్ లెక్కలు రావు టీచరమ్మా."

"రావద్దు. వస్తే చూడకముందే చెప్తవ్. రాకుంటే చూసింది చెప్తవ్."

ఇంటి ఖర్చు ప్రతి రాత్రీ రాసి, పైనుంచి కిందికీ కిందినుంచి పైకీ కూడి చూసుకునే మనిషిని నేను. అందుకే నన్ను ఎంచుకున్నారని తరువాత తెలిసింది.

మొదట్లో నాకు చెప్పడం వచ్చేది కాదు. "పాములెక్క పోతున్నది" అంటే, "పాము వద్దు. ఎక్కడ ఎక్కుతుంది, ఎక్కడ మళ్లింది, గడ్డను తాకిందా లేదా, అది చెప్పు" అనేవారు. అడ్డగీతను గడ్డ అనేవారు. నేను చెప్పింది తనకు సరిగ్గా అందిందో లేదో పిల్లలకు తెలియాలి కదా. దానికి ఆమే ఉపాయం ఆలోచించారు. నేను బియ్యం చెరిగాక రాళ్లేరే పెద్ద స్టీలు పళ్లెం తెప్పించి, దాంట్లో బియ్యప్పిండి పలచగా పరిపించారు. నేను చెబుతుంటే ఆమె వేలితో ఆ పిండిలో గీసేవారు. తెర మీది గీత, పళ్లెంలో గీత ఒకటైతే నా మాట సరైనది. కాకపోతే పళ్లెం కాస్త ఊపితే పిండి సర్దుకునేది, మళ్లీ మొదలు.

పిల్లలు పళ్లేనికి ఆమె వైపు కొందరు, ఎదుటి వైపు కొందరు కూర్చునేవారు. ల్యాప్‌టాప్ చిన్నది, ఇద్దరు ముగ్గురికే కనిపించేది. మిగతావాళ్లు పళ్లెంలోది చూసి కాగితం మీద వేసుకునేవారు. మొదటి వారం ఎక్స్, ఎక్స్ క్యూబ్, ఒకటి బై ఎక్స్. అన్నీ బాగా జరిగాయి. టీచరమ్మ ముఖం చాలా రోజుల తరువాత తేటగా కనిపించింది.

రెండో వారం ఎక్స్ స్క్వేర్ చెప్పారు, పాతది గుర్తుచేసుకోకుండా పళ్లెంలో కనిపించిందే వేయమన్నారు. మరునాడు రాత్రికే గని కార్మికుడు కూతురి కాగితం పట్టుకుని వచ్చాడు. కాలేజీలో చెప్పింది ఒకలాగుంది, ఇది ఇంకోలాగుంది. అతను కోపంగా లేడు. ఇబ్బందిగా ఉన్నాడు.

"టీచరమ్మా, మిమ్ముల తప్పు పట్టనీకె రాలే. కాలేజీల ఇది గుంతలెక్క ఉండాలన్నరంట. మా పిల్ల గుట్ట ఏసుకొచ్చింది. ఇంకిద్దరు గూడ గట్లనే ఏసిండ్రు. మీకు కండ్లు అగుపిస్తలేవు. ఈ వయసుల మీకెందుకు ఈ తిప్పలు? పరీక్షలున్నయి. పిల్లలను ఇంకోతానికి పంపుతమని అందరం అనుకుంటున్నం."

"అవ్ తమ్ముడూ. నిజమే" అన్నారామె.

అతను వెళ్లాక, "బంద్ చేద్దాం చెల్లె. తప్పు నేర్పేకంటె నేర్పకుంటనే మంచిది" అన్నారు. మళ్లీ, "కాని పాఠం చెప్పకుంటే పొద్దుమూకిందని నాకెట్ల తెలుస్తది?" అన్నారు. ఆ మాట ఎంత మెల్లగా అన్నారంటే, నాకోసం అన్నది కాదనిపించింది.

ఏమీ తోచనప్పుడు నేను చేసేది ఒకటే, జరిగింది మొదటినుంచి వరసగా చూసుకోవడం. ఎవరు ఏం వేశారో చెప్పడం మొదలుపెట్టాను. ఎక్స్ క్యూబ్ అందరిదీ సరిగ్గానే ఉంది. ఒకటి బై ఎక్స్ కూడా. ఎక్స్ స్క్వేర్ కొందరిదే తలకిందులైంది.

ఆమె తల ఎత్తారు. "కొందరిదేనా? ఎవరెవరిది?"

చెప్పాను.

"వాళ్లు ఎటు కూసున్నరు?"

"మీకు ఎదురుంగ."

ఆమె నవ్వడం మొదలుపెట్టారు. భుజాలు కదిలేలా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. "రేపు ఆ తమ్మున్ని పిలువు. పిల్లలను గూడ పిలువు" అన్నారు.

మరుసటి సాయంత్రం అతన్ని పళ్లెం ముందు, తనకు ఎదురుగా కూర్చోమన్నారు. మొహమాటపడుతూ కూర్చున్నాడు. ఆమె పిండిలో ఎక్స్ స్క్వేర్ గీశారు.

"ఏం అగుపిస్తుంది?"

"గుట్ట."

"మీ బిడ్డ ఏం గీసింది?"

"గుట్టనే గదా గీసింది."

"మరి మీ బిడ్డది తప్పెట్లయితది? ఇప్పుడు లేచి నా పక్కకు రా."

లేచి వచ్చాడు. వంగి చూశాడు. "అగో, ఇది గుంతనే. మా ఓపెన్‌కాస్ట్ గని లెక్కున్నది" అన్నాడు. పిల్లలు ఘొల్లుమన్నారు.

ఆమె పళ్లెం ఊపి ఎక్స్ క్యూబ్ గీశారు. "ఇప్పుడు చుట్టు తిరుగు" అన్నారు. అతను ఇటునుంచి చూశాడు, ఎదుటికి వెళ్లి చూశాడు, మళ్లీ వచ్చాడు.

"ఇదేంది టీచరమ్మా, ఆడ కూసున్నా గంతే, ఈడ కూసున్నా గంతే."

"అందుకే మొదటి వారం ఎవ్వరికి తెల్వలే. ఎదురుంగ కూసున్నా మారని గీతలను బేసి ప్రమేయాలంటరు. స్క్వేర్ గట్ల కాదు, అది సరి ప్రమేయం. నడిమిట్ల అద్దం పెడితే రెండు దిక్కులు ఒక్కతీరుగ ఉంటది. ఇయ్యాల్టి పాఠం ఇదే. రాసుకోండ్రి."

అతను కూడా వెనక కూర్చుని చివరిదాకా విన్నాడు. వెళ్లేటప్పుడు చెప్పులేసుకుంటూ, "ఇంకోతానికి పంపుడేమి లేదు తియ్ అక్కా" అని నాతో అన్నాడు, ఆమెకు వినపడేలా.

ఆ రోజునుంచి ఎదురుగా ఎవరూ కూర్చోలేదు. పిల్లలంతా ఆమె వెనక చేరి, భుజాల మీదుగా పళ్లెంలోకి తొంగిచూసేవారు. "మీ ఊపిరికి పిండి లేస్తున్నది, జరగుండ్రి" అని కసిరేవారు, కాని జరగనిచ్చేవారు కాదు. క్రమంగా గీత చెప్పే పని పిల్లలకు వంతులవారీగా ఇచ్చారు. నేను పక్కన కూర్చుని వినేదాన్ని. ఎవరైనా తడబడితే నా వైపు తిరిగి, "చెల్లె, వీడు చూస్తున్నడా, అనుకుంటున్నడా?" అని అడిగేవారు. చాలామంది అనుకుంటూ చెప్పేవారే. నాకూ ఇంట్లో ఆ అలవాటుందని ఆ ప్రశ్న వల్లే తెలిసింది. చూడకుండా అనుకుని, అనుకున్నదాన్ని చూసినట్టు చెప్పడం. ఇప్పుడు ఎవరి గురించైనా మాట అనబోయే ముందు ఒక క్షణం ఆగుతున్నాను. ఆమె నాకిచ్చినదాంట్లో లెక్కలకంటే ఇది పెద్దదని అనుకుంటాను.

సమాధి రోజు చర్చి ఆవరణలో అడవి ఊళ్లనుంచి వచ్చినవాళ్లే ఎక్కువ కనిపించారు. ఆమె చదివించిన పిల్లలు, వాళ్ల పిల్లలు. నేను వాళ్లలో ఎవరినీ ఎరగను. అందరం ఒక గుప్పెడు మట్టి వేసి వచ్చాం.

వారం తరువాత ఆమె చెల్లెలు ఇల్లు ఖాళీ చేస్తూ ల్యాప్‌టాప్ నా చేతికిచ్చి వెళ్లింది. ఆ సాయంత్రం పిల్లలు మామూలు వేళకే వచ్చారు. ఎదురింటికి తాళం చూసి మా వరండా మెట్ల దగ్గర నిలబడ్డారు. లోపలికి రమ్మన్నాను. చాప పరిచాను. పళ్లెంలో పిండి పరిచాను. తరువాత ఏం చేయాలో నాకు తెలియలేదు. లెక్కలు నాకు ఇప్పటికీ రావు.

అప్పుడు గని కార్మికుడి కూతురు ముందుకు జరిగి పళ్లెం ముందు కూర్చుంది. చున్నీ తీసి కళ్లకు గట్టిగా కట్టుకుంది. ముడి సరిచూసుకుంది.

"ఏదన్న ఒకటి కొట్టుండ్రి. నాకు చెప్పకుండ్రి ఏందో" అంది.

ఒకరు కొట్టారు. తెర మీద గీత వచ్చింది. మిగతావాళ్లు చప్పుడు చేయకుండా లేచి ఆ పిల్ల వెనక్కి చేరారు.

"చెప్పుండ్రి ఆంటీ" అంది. చూపుడువేలు పిండికి కొంచెం పైన ఆగి ఉంది.