సబ్ పట్టిన క్యాచ్

మా ఆయన విజయభాస్కర్ ఎడిన్‌బర్గ్‌లో ఒకే ఒక్క వేసవి, 2008లో, జీతానికి క్రికెట్ ఆడాడు. తర్వాత పదహారేళ్లు బస్సు నడిపాడు. మొన్న ఫిబ్రవరిలో పోయాడు.

ఏం ఆడేవాడని అడిగితే నాకిప్పటికీ చెప్పడం రాదు. కీపర్ పెళ్లికి వెళితే గ్లవ్స్ ఈయనకిచ్చేవారు. ఓపెనర్‌కి మోకాలు వాస్తే ఈయన ప్యాడ్లు కట్టుకునేవాడు. అందరూ వచ్చిన వారం డ్రింక్స్ మోసేవాడు. "ఖాళీ ఉన్నకాడ నిలవడుడే నా కొలువు" అనేవాడు. మరుసటి ఏడు క్లబ్బువాళ్లు ఇంకొకరిని తెచ్చుకున్నారు.

మే నెలలో క్లబ్ సెక్రటరీ మనోజ్ పాత స్కోరు పుస్తకం పట్టుకుని మా ఫ్లాట్‌కు వచ్చాడు. అతనిదీ మా కరీంనగరే. పెవిలియన్‌లో పాత ఆటగాళ్ల పేర్లతో బోర్డు పెడుతున్నారట. పది మ్యాచ్‌లు ఆడినవాళ్లకే చోటు.

"బుక్కుల తొమ్మిదే ఉన్నయక్కా."

"పది. ఆఖరిదాంట్ల వానల ఉరికి క్యాచ్ పట్టిండు మీ అన్న. మా బిడ్డ సిరిని ఒళ్లె కూసోవెట్టుకొని చూసిన నేను."

మనోజ్ పేజీలు తిప్పి ఆగస్టు చివరి మ్యాచ్ దగ్గర వేలు పెట్టాడు. ఎవరికో దెబ్బ తగిలితే బదులుగా దిగిన ఫీల్డర్ ఒక క్యాచ్ పట్టాడు. బదులు వచ్చినవాడి పేరు రాయరట. 'సబ్' అని రాసి వదిలేస్తారట.

"గిదే కావచ్చు. చూసినోళ్లు ఒక్కరు సంతకం పెడితే కమిటీ ఒప్పుకుంటదక్కా."

పెన్ను తీసుకున్నాను. పేజీ పైన వాతావరణం గడిలో 'మంచి ఎండ' అని ఉంది. పైగా మా సిరి పుట్టింది ఆ పై ఏడు డిసెంబరులో.

మరి నా ఒళ్లో ఉన్నదెవరు? ఆ వాన ఏనాటిది? ఆయన చెబితే విన్నదాన్ని చూశాననుకున్నానా? అసలు ఆయన చెప్పాడా?

"ఎందుకక్కా గంత పరేషాన్? డ్రింక్స్ మోసింది అన్ననేనాయె. ఇంకెవరుంటరు?"

"ఆ దినం ఇద్దరున్నరేమో."

"ఉంటే ఏంది?"

"ఇంకొకని క్యాచ్ మీ అన్న తీసుకునేటోడు కాదు, మనోజ్."

పెన్నుకు మూత పెట్టి ఇచ్చేశాను. బోర్డు మీద పేరు ఉండదని తెలుసు. చేసింది సరైనదో కాదో మాత్రం తెలియలేదు. మనోజ్ పుస్తకం మూయబోతుంటే ఆపి, ఉన్న తొమ్మిదీ చదవమన్నాను. వరసగా చదివాడు. తొమ్మిదో మ్యాచ్‌లో ఆయనకు బ్యాటింగ్ రాలేదు, బౌలింగ్ ఇవ్వలేదు.

"మరి ఆ దినం ఏడ నిలవడ్డడు?"

"అది రాయరక్కా."